పాలిపోయిన పాలికలు

పెళ్లింట్లో మామూలుగా పోయేవి తాళంచెవులు, కొబ్బరికాయలు, పురోహితుడిగారి కళ్లజోడు. శ్రీకాకుళంలో, అరసవల్లి గుడికి కూతవేటు దూరంలో ఉన్న మా మావయ్య ఇంట్లో మాత్రం రంగు పోయింది.

పాలికల రంగు. ముత్తైదువులు పాటలు పాడుతూ పుట్టమన్నులో నవధాన్యాలు చల్లి వెళ్లాక, వాటి బాధ్యత మావయ్య తన నెత్తిన వేసుకున్నాడు. ఎవరూ అడగలేదు. ఎలుకలున్నాయి, కోళ్లున్నాయి, చుట్టాల పిల్లలున్నారు, ఎవర్నీ నమ్మడానికి లేదని పాలికల్ని కొట్టుగదిలో పెట్టి, మీద ఇత్తడి గంగాళం బోర్లించి, తలుపుకి గొళ్లెం పెట్టేశాడు. రోజూ తనే వెళ్లి తడుముకుంటూ నీళ్లు చల్లి వచ్చేవాడు. బల్బు వేస్తే కరెంటు దండగ.

పెళ్లిరోజు పొద్దున్న అత్తయ్య గంగాళం ఎత్తి "ఓలమ్మో!" అంది. జానెడేసి తెల్లటి కాడలు, కొసన నలకంత పసుప్పచ్చ ఆకులు. గోధుమ మొలకలు ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. పెసలైతే వంచిన మెడ ఎత్తనే లేదు. సాయంత్రానికి విజయనగరం నుంచి మగపెళ్లివారు దిగుతారు. కాబోయే వియ్యపురాలికి వంకలు పెట్టడంలో ఉన్న పేరు జిల్లా దాటి మాదాకా వచ్చింది.

"ఊళ్లో సాక్షాత్తూ సూర్యనారాయణుడే ఉండగా వీటికి చీకటి ఎలా దొరికిందండీ మీకు?" అంది అత్తయ్య. న్యాయమైన ప్రశ్నే. మార్చిలోనూ అక్టోబరులోనూ స్వామి పాదాల మీద కిరణాలు పడతాయంటే జనం తెల్లారకుండా వరస కట్టే ఊరది.

మావయ్య తమ్ముడి కొడుకు బీఎస్సీ వృక్షశాస్త్రం చదువుతున్నాడు. కాఫీ గ్లాసుతో వచ్చి తొంగిచూసి, పెద్దమ్మ ఏడుపు మొహం గమనించకుండా "అబ్బ, ఎంత బాగున్నాయో!" అన్నాడు. తన్నులు తప్పాయంటే అది ముహూర్తబలం.

"చచ్చిపోలేదు పెద్దమ్మా. చీకట్లో ఉన్నంతసేపూ వెలుతురు కోసం కాడ సాగదీస్తాయి, ఆకుల మీద ఖర్చు పెట్టవు. పత్రహరితం తయారీలో ఒక మెట్టు దగ్గర వెలుతురు తగిలితే గాని పని ముందుకి కదలదు. అసలు కిరణజన్య సంయోగక్రియకి కావలసిన జన్యువులే చాలావరకు నిద్రలో ఉంటాయి."

"ఎవరు నిద్రపుచ్చేరు?"

"పిఫ్ అని కొన్ని ప్రోటీన్లు. చీకట్లో అవి ఆ జన్యువుల్ని లేవనివ్వవు. వెలుతురు పడగానే, దాన్ని పసిగట్టే ఫైటోక్రోమ్ అనే ప్రోటీన్ కణం కేంద్రకంలోకి వెళ్లి ఆ పిఫ్‌ల పని పడుతుంది."

"అంటే మీ పెదనాన్న లాంటివన్నమాట. తాము చెయ్యవు, చేసేవాళ్లని చెయ్యనివ్వవు."

ఆ మాట పడ్డాక మావయ్య ఊరుకుంటాడా? పందిట్లో లైట్లు కట్టే కుర్రాణ్ణి పట్టుకుని ఒక పచ్చబల్బు సంపాదించి కొట్టుగదిలో వెలిగించాడు. నిజం చెప్పొద్దూ, మొలకలు బ్రహ్మాండంగా పచ్చబడ్డాయి. వాటితోపాటు మావయ్య పంచె, గోడమీద బల్లి కూడా పచ్చబడ్డాయి. బీఎస్సీ కుర్రాడు నెత్తి కొట్టుకున్నాడు. చీకట్లో పెంచిన మొలకల్ని ప్రయోగశాలలో చూడాలంటే మసక పచ్చదీపమే వేసుకుంటారట, అది మొక్కలకి ఆనదు గనక.

"పోనీ ఎర్రది?"

"ఎర్రదయితే నయమే. 660 నానోమీటర్ల దగ్గరి ఎరుపుకే ఫైటోక్రోమ్ లేచేది. 730 దగ్గరి దూర ఎరుపు, అంటే ఎరుపు అంచున కంటికి ఆనీ ఆనని కాంతి, తగిలితే మళ్లీ పడుకుంటుంది."

"రెండూ మార్చి మార్చి వేస్తేనో?"

వెటకారానికన్నాడు గాని కుర్రాడి కళ్లు వెలిగాయి. 1952లో అమెరికాలో, బెల్ట్స్‌విల్ అనే చోట, బోర్త్‌విక్, హెండ్రిక్స్ బృందం లెట్యూస్ గింజల మీద అచ్చంగా ఆ పనే చేసిందట. ఎన్నిసార్లు మార్చినా ఆఖరున ఎరుపు పడ్డ గింజలు బాగా మొలిచాయి, దూర ఎరుపు పడ్డవి చాలావరకు మొండికేశాయి. అమెరికావాళ్లకి తట్టిన ఆలోచనే తనకీ తట్టినందుకు మావయ్య గంటసేపు ఎవరికీ అందలేదు.

ఆ గంటలోనే అత్తయ్య పాలికల్ని పెరట్లోకి చేర్చింది. నడి ఎండలో పెట్టబోతే కుర్రాడు అడ్డుపడ్డాడు: చీకట్లోంచి వచ్చినవి ఒక్కసారి తీక్షణమైన ఎండ తగిలితే మాడతాయి, వేపచెట్టు నీడ చాలు. ఆ తర్వాత పెళ్లి పనులన్నీ పెరటి మీదుగానే సాగాయి. కూరలు తరిగేవాళ్లు, పూలు కట్టేవాళ్లు అందరూ ఒకసారి వంగి చూడటం, "ఏటీ, ఇంకా రాలేదా" అనడం. పెళ్లికూతుర్ని ఎవరూ అంతలా చూసినట్టు లేదు. మధ్యాహ్నానికి పెసలు మెడలెత్తడం మొదలెట్టాయి. నాలుగయ్యేసరికి లేత చిలకపచ్చ. అత్తయ్య గుడివైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. కుర్రాడికి రెండు జంతికలు ఎక్కువ పడ్డాయి.

మగపెళ్లివారు దిగారు. వియ్యపురాలు కాళ్లు కడుక్కుని, కాఫీ తాగి, తిన్నగా పాలికల దగ్గరికే వెళ్లింది.

"అయ్యో, పచ్చబడిపోయాయేటి వదినగారూ! మా ఇళ్లల్లో చీకట్లోనే ఉంచుతాం. బంగారు రంగు రావాలి కదా."

అత్తయ్య కుర్రాడి వైపు చూసింది. తయారైన పత్రహరితం ముహూర్తం వేళకి పోయేది కాదని వాడు గొణిగాడు. మావయ్య అప్పటికే కండువా సర్దుకుని ముందుకొచ్చి, "నేను మొదట్నుంచీ అదే మొత్తుకుంటున్నానమ్మా, వింటేనా వీళ్లు!" అంటున్నాడు.