కల్యాణంలో కెప్టెన్ కర్క్

అంతరిక్ష నౌకలో తిరిగేవాళ్ళ కథలున్న పాత అమెరికన్ సీరియల్ స్టార్ ట్రెక్ మళ్ళీ చూడాలన్న బుద్ధి నాకు పుట్టడంలో వింతేమీ లేదు. ఎనభైల్లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున్నే వచ్చేది. యాంటెన్నా తిప్పిన కథలు అందరివీ ఒకటే కాబట్టి వదిలేద్దాం. మా వీధి సమస్య యాంటెన్నా కాదు, ఇంగ్లీషు. టీవీ ఉన్నవాళ్ళింట్లో చాప మీద చేరిన పిల్లమూకలో కాన్వెంటులో చదివేవాడు ఒక్కడే. వాడు చెప్పిందే కథ. అందులో స్పాక్ అనేవాడి చెవులు అలా మొనదేలడానికి కారణం లెక్కల మాస్టారు రోజూ పట్టుకుని మెలిపెట్టడమేనని వాడు చెబితే చాలా ఏళ్ళు నమ్మాం. అంతరిక్షంలో లెక్కల మాస్టారేమిట్రా అని మాలో ఎవడూ అడగలేదు. ఆయన లేని చోటు ఒకటుంటుందన్న ఊహే మాకు లేదు.

ఇప్పుడు చూస్తే వేరే సరదాలు కనిపిస్తున్నాయి. ఎంటర్‌ప్రైజ్ నౌకలో మనిషి దగ్గరికి రాగానే తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి కదా, వాటిని సెట్టు వెనక మనుషులు నిలబడి లాగేవాళ్ళు. లాగేవాడు కాస్త పరధ్యానంలో ఉంటే నటులు వెళ్ళి తలుపుకి గుద్దుకునేవాళ్ళు. డాక్టర్ మెకాయ్ చేతిలో మెరిసే పరికరాల్లో కొన్ని అచ్చంగా ఉప్పు డబ్బీలు. ఒక ఎపిసోడ్‌లో వాడదామని కొత్త ఫ్యాషన్‌వి తెచ్చి, తీరా చూస్తే ఇవి ఉప్పు డబ్బీలని చూసేవాళ్ళెవరూ గుర్తుపట్టరని డాక్టరు గారికి ఇచ్చేశారు. ఇక మనిషిని మెరుపుల్లో మాయం చేసి కింద గ్రహం మీద తేల్చే ట్రాన్స్‌పోర్టర్ ఉంది. వారంవారం అంత నౌకని నేల మీదకి దించి చూపించే ఖర్చు భరించలేక పన్నిన ఉపాయమది. పొదుపులోంచి పుట్టిన సైన్సు కాబట్టే మనలాంటి ఇళ్ళవాళ్ళకి అంతగా నచ్చిందని నా అనుమానం.

ఆ ట్రాన్స్‌పోర్టర్ పాడయ్యే ఎపిసోడ్ ఒకటుంది. 1966 అక్టోబరులో అమెరికాలో వచ్చింది. గ్రహం మీంచి నౌక కెప్టెన్ కర్క్ పైకి వస్తాడు. కాసేపటికి ఎవరూ లేనప్పుడు ఇంకో కర్క్ వస్తాడు. మొదటివాడు మరీ మెతక, రెండోవాడు పరమ దుర్మార్గుడు. మిషను బాగయ్యేదాకా ఎవరినీ పైకి తేవడానికి లేదు కనక నౌక సిబ్బందిలో సులూ అనేవాడు, ఇంకొందరు కిందే ఇరుక్కుంటారు. రాత్రికి అక్కడ మైనస్ 120 డిగ్రీలు. చిన్న నౌక పంపి తెచ్చుకోవచ్చుగా అంటే, ఆ చిన్న నౌకని సీరియల్ వాళ్ళు అప్పటికింకా తయారుచేయించలేదు. 1967 జనవరిలో గానీ తెర మీదకి రాలేదు. పాపం సులూ వణుకుతూ, పొడుగాటి తాడేదైనా దొరికితే కట్టి వేడివేడి కాఫీ దించమని పైకి కబురు పెడతాడు.

ఆ ఒక్క మాట కోసం మా ఇంటిల్లిపాదికీ ఆ ఎపిసోడ్ చూపించాలనుకున్నాను. ఎందుకంటే మా పై పోర్షన్‌లో ఓనరు గారి అమ్మగారున్నారు. అందరికీ మామ్మగారే. మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగలేక ప్లాస్టిక్ బుట్టకి నైలాన్ తాడు కట్టి పిట్టగోడ మీంచి దించుతారు. పాల ప్యాకెట్లు, కొత్తిమీర, మా ఇంటికొచ్చిన చుట్టాల వివరాలు అన్నీ ఆ బుట్టలోనే పైకెళతాయి.

సాంకేతిక బాధ్యత మా బావమరిది తీసుకున్నాడు. వాడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కాదనలేం. ఫోన్లో ఎపిసోడ్ పెట్టి, "కాస్ట్ చేస్తున్నా, టీవీ చూడు బావా" అన్నాడు. కాస్ట్ అంటే ఫోన్లోది వైఫై మీద టీవీకి పంపడమట. ఫోన్లో ఆడుతున్నట్టే చూపిస్తోంది. టీవీలో మాత్రం కంపెనీవాళ్ళు పెట్టిన జలపాతం దూకుతూనే ఉంది. "బఫరవుతోంది" అన్నాడు. సౌండు పెంచాడు. ఏం వినపడలేదు. ఇంకా పెంచాడు. మొత్తం పెంచేశాడు. పైన ఎవరో గట్టిగా అరిచినట్టనిపించింది గానీ, పైవాళ్ళ గొడవలు మనకెందుకులే అని ఊరుకున్నాం.

సంగతేమిటంటే, వైఫై ఓనరు గారిది. అద్దెతోబాటు నెలకింతని పుచ్చుకుని మాకూ ఇచ్చారు. ఒకే వైఫై మీదున్న టీవీలన్నీ ఫోనుకి కనిపిస్తాయి. పైగా దసరా ఆఫర్లో రెండిళ్ళవాళ్ళం ఒకే కంపెనీ టీవీ కొన్నాం. రెంటి పేరూ 'లివింగ్ రూమ్ టీవీ'యే. మా ఇంట్లో దిగాల్సిన కర్క్ మామ్మగారింట్లో తేలాడు.

అదీ ఎలాంటి సమయం! భక్తి ఛానెల్లో స్వామివారి కల్యాణం. మామ్మగారు మడి కట్టుకుని, గుప్పిట్లో అక్షింతలతో మంగళసూత్రధారణ కోసం కాచుక్కూచున్నారు. మేళం జోరందుకుంది. అంతలో స్వామివారు మాయమై, కళ్ళకి కాటుక దట్టించినట్టున్న పసుప్పచ్చ చొక్కావాడొకడు డాక్టరు మీద పడి "బ్రాందీ!" అని ఇల్లదిరేలా అరిచాడు. మామ్మగారికి ఇంగ్లీషు రాదు. కానీ బ్రాందీకి ఇంగ్లీషెందుకు? ఎత్తిన చెయ్యి ఆగలేదట, అక్షింతలు కర్క్ నెత్తిన పడ్డాయి.

ఆవిడ రిమోట్ నొక్కి కల్యాణానికి వెళ్ళారు. కింద మావాడి ఫోన్లో డిస్కనెక్ట్ అని వచ్చింది. "నెట్ వీక్ బావా" అని మళ్ళీ కలిపాడు. ఈసారి కుక్క. వేరే గ్రహం జంతువు కావాల్సొచ్చి, ఒక బొచ్చు కుక్కకి నెత్తిన కొమ్ము తగిలించి కూచోబెట్టారు ఆ ఎపిసోడ్‌లో. మామ్మగారు నొక్కారు, కల్యాణం. మావాడు నొక్కాడు, కుక్క. మామ్మగారు నొక్కారు, తలంబ్రాలు. మావాడు నొక్కాడు, ఇద్దరు కర్కులు.

ఈలోపు ఓనరు గారు స్నానం చేసి తువ్వాలుతో బయటికొస్తే ఆయన భార్య ఎదురుగా నిలబడిందట. మనం ఏం చూస్తే ఇంటర్నెట్టు మళ్ళీ అలాంటివే చూపిస్తుందని ఆవిడెక్కడో విన్నారు. "రాత్రిళ్ళు ఫోన్లో ఏం చూస్తున్నారో ఇప్పుడు తెలిసింది" అని మొదలుపెట్టి బ్రాందీ దగ్గర ఆగారట. ఆయన కొమ్ము కుక్క సంగతి తనకి తెలియదన్నారు గానీ, బ్రాందీ గురించి మాత్రం ఏమీ అనలేదట.

కింద మావాడు చివరి అస్త్రం తీశాడు. "రౌటర్ ఓసారి ఆపి వెయ్యమని ఓనరు గారికి చెప్పు బావా." నేను వాకిట్లోకొచ్చి తలెత్తేసరికి బుట్ట దిగుతోంది. అందులో రిమోట్. మామ్మగారు పిట్టగోడ మీంచి వంగి, "నాయనా, మా టీవీకి ఏదో పట్టింది. నొక్కీ నొక్కీ వేలు పడిపోయింది. చదువుకున్నవాడివి, కాస్త చూసి పంపు" అన్నారు.

నా వెనకే వచ్చిన మా బావమరిది ఆ రిమోట్ వంక చూశాడు. చేతిలో ఉన్న మా రిమోట్ వంక చూశాడు. రెండూ ఒకటే. తరవాత ఫోన్ వంక చూశాడు. మారు మాట్లాడకుండా లోపలికెళ్ళి ఫోన్ స్విచాఫ్ చేసి, చెంబుడు నీళ్ళు తాగాడు.

"బ్యాటరీలు తిప్పి వేశాను మామ్మగారూ" అని రిమోట్ బుట్టలో పెట్టాను. పైన మేళం మళ్ళీ మోగింది. ఆ మధ్యాహ్నమంతా ఆ వీధిలో నా అంత పనిమంతుడు లేడు. సాయంత్రం బుట్టలో దిగిన చేగోడీలకి లొంగి మా అమ్మాయి నిజం చెప్పేసింది.

మళ్ళీ పిలుపొచ్చింది. కొత్తిమీర వంకతో వెళ్ళి నిలబడ్డాను. తిట్లకి సిద్ధంగానే ఉన్నాను. మామ్మగారు గొంతు తగ్గించి, "ఆ కొమ్ము కుక్క చివరికి బతికిందా నాయనా?" అన్నారు.

బతకలేదు. అదీ రెండైతే, మిషన్లో పెట్టి ఒకటి చెయ్యబోయారు, ప్రాణం తట్టుకోలేదు. "లక్షణంగా ఉంది మామ్మగారూ" అన్నాను.

"మరి ఆ మనుషులు? మెతకవాడూ, ఆ తాగుబోతూ?"

"ఇద్దరూ ఒకడేనండి. మళ్ళీ అదే మిషన్లో పెట్టి కలిపేశారు."

మామ్మగారు కాసేపు ఆలోచించారు. పక్కనే ఓనరు గారు తులసి మొక్కకి నీళ్ళు పోస్తున్నారు.

"ఆ మిషను ఖరీదెంతుంటుందో కనుక్కో. మావాడూ అంతే, కోడలి దగ్గర ఒకడు, నా దగ్గర ఒకడు."

కొత్తిమీర కట్ట ఇంకా నా చేతిలో ఉండగానే ఓనరు గారు బుట్ట పైకి లాగేశారు.