చెరపట్టిన ప్రేమలు, చదివే ఆడవాళ్లు

మా అన్నయ్య కూతురికి గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు కిండిల్ నా చేతిలో పెట్టి, "నువ్వెలాగూ తిడతావత్తా, చదివి తిట్టు" అంది. తెరిస్తే ముందు కథ లేదు, ఓ జాబితా ఉంది. వెంటపడటం, నిర్బంధం, బలాత్కారం, మనుషుల్ని అమ్ముకోవడం... లోపల ఇవన్నీ ఉన్నాయి, తట్టుకోలేమనుకుంటే ఇక్కడే ఆగిపొమ్మని రచయిత్రి చెబుతోంది. నాకది సిగరెట్ పెట్టె మీద పుండు బొమ్మలా కనిపించింది. మా అమ్మాయి మాత్రం దాన్ని హోటల్లో మెనూ కార్డు చూసినట్టు చూసింది. "ఇది ఓకే, ఇదీ ఓకే, ఇదొస్తే మాత్రం పేజీలు తిప్పేస్తా" అని వేలు పెట్టి చూపించింది.

ఆ పుస్తకం హెచ్.డి. కార్ల్‌టన్ రాసిన ‘హాంటింగ్ ఆడలైన్’. 2021లో రచయిత్రి సొంతంగా వేసుకున్న పుస్తకం. దాన్ని భుజాన మోసింది టిక్‌టాక్‌లోని పాఠకులే. మన దేశంలో 2020 జూన్‌లోనే టిక్‌టాక్‌ను నిషేధించినా, ఆ వీడియోలు ఇన్‌స్టా రీల్స్ దారిన మన పిల్లల ఫోన్లలోకి వచ్చేశాయి. కథ ఇది: అమ్మమ్మ వదిలివెళ్లిన పాత బంగళాలో ఒంటరిగా ఉండే ఓ రచయిత్రి, ఆమె వెంట నీడలా తిరిగే జేడ్ అనే మనిషి. చెప్పకుండా ఇంట్లోకి వస్తాడు, గులాబీలు పెట్టిపోతాడు, ఆమె వద్దంటున్నా ముట్టుకుంటాడు. ఇంకోపక్క పిల్లల్ని అమ్మే ముఠాలను వెతికి వెతికి చంపుతుంటాడు. రెండో భాగంలో అలాంటి ముఠాయే ఆమెను ఎత్తుకుపోతుంది.

డార్క్ రొమాన్స్ అనే ఈ రకంలో, ఎత్తుకుపోయినవాడే ప్రేమికుడు కావడం బాగా నలిగిన దారి. 2011లో వచ్చిన సి.జె. రాబర్ట్స్ నవల ‘క్యాప్టివ్ ఇన్ ద డార్క్’లో 18 ఏళ్ల అమ్మాయిని ఓ మనిషి తన పగ కోసం అమ్మేయడానికి బంధిస్తాడు. ఇవి చదివేవాళ్ల పరిభాషలో ‘నాన్‌కాన్’ అంటే ఒప్పుకోలు లేనిది, ‘డబ్‌కాన్’ అంటే ఒప్పుకుందో లేదో తేలనిది. గుత్తి వంకాయ, పొడుగు వంకాయ అన్నట్టు బలాత్కారంలో రకాలు విడదీయడం బయటివాళ్లకు ఒళ్లు జలదరించే వ్యవహారమే. కానీ ఒప్పుకోలు అన్న మాటను ఇంత పట్టి పట్టి చూసే పాఠకులు నాకు ఇంకెక్కడా తగల్లేదు.

ఈ నవలల మీద గొడవ వింటే ఇరుపక్షాలూ వేర్వేరు పుస్తకాలు చదివారా అనిపిస్తుంది. ఒకరు: అత్యాచారానికి అత్తరు పూస్తున్నారు, పదహారేళ్ల పిల్లలు దీన్నే ప్రేమనుకుంటారు. ఇంకొకరు: ఇది కథ, మేం పెద్దవాళ్లం, మొదటి పేజీలోనే చెప్పారు, ఇష్టం లేకపోతే మూసెయ్. మొదటివాళ్లు అడిగేది కథలోని అమ్మాయి ఒప్పుకుందా అని. రెండోవాళ్లు జవాబిస్తున్నది చదివే అమ్మాయి ఒప్పుకుంది అని. అడిగింది ఒకటి, చెప్పింది ఇంకొకటి. గొడవ తెగకపోవడానికి నాకు తోచే కారణం ఇదే.

ఈ గొడవ టిక్‌టాక్‌తో పుట్టిందీ కాదు. 1747 డిసెంబరు నుంచి 1748 డిసెంబరు దాకా లండన్‌లో శామ్యూల్ రిచర్డ్‌సన్ ‘క్లారిస్సా’ నవలను విడతలుగా ఏడు సంపుటాల్లో అచ్చువేశాడు. లవ్‌లేస్ అనే అందగాడు క్లారిస్సాను మాయమాటలతో ఇల్లు దాటించి, లండన్‌లో వేశ్యాగృహమని చెప్పకుండా ఓ ఇంట్లో పెట్టి, చివరికి మత్తుమందు ఇచ్చి పాడుచేస్తాడు. ఆఖరి సంపుటాలు ఇంకా రాకముందే లేడీ బ్రాడ్‌షే అనే పాఠకురాలు మారుపేరుతో రచయితకు ఉత్తరం రాసింది. లవ్‌లేస్‌ను మార్చండి, ఆమెను చంపకండి, కథ సుఖాంతం చేయండి అని బతిమాలుకుంది. రిచర్డ్‌సన్ వినలేదు. తాను దుర్మార్గుడిగా చిత్రించిన మనిషి మీద ఆడవాళ్లు మనసు పారేసుకోవడం చూసి కంగారుపడి, తర్వాతి ముద్రణల్లో లవ్‌లేస్‌కు ఇంకాస్త నలుపు పూశాడు, పాఠకులను హెచ్చరిస్తూ అడుగున నోట్స్ పెట్టాడు. ఓ రకంగా ఇప్పటి ట్రిగ్గర్ వార్నింగ్‌కు, అంటే పుస్తకం ముందుండే ఆ హెచ్చరిక జాబితాకు, తాతగారు అనుకోవచ్చు. లేడీ బ్రాడ్‌షే ఊరుకోలేదు. తన దగ్గరున్న కాపీ మార్జిన్లలో రచయితతో పోట్లాడింది, ఆయన అదే పుస్తకంలో జవాబులు రాశాడు. ఆ ప్రతి ఇప్పటికీ ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో భద్రంగా ఉంది.

ఆ నవలలో నన్ను కట్టిపడేసేది బలాత్కారం కాదు, దాని తర్వాత జరిగేది. అందరూ పెళ్లి చేసేసుకో, పరువు దక్కుతుంది అంటారు. లవ్‌లేస్ కూడా సిద్ధమే. ఆమె ఒప్పుకోదు. మన ఊళ్లలో పెద్దమనుషుల ముందు "జరిగిందేదో జరిగిపోయింది, వాడికే ఇచ్చి చేసేస్తే పోలా" అని రాజీ కుదిర్చే పంచాయతీలు తెలిసినవాళ్లకు ఆ ‘వద్దు’ ఎంత బరువైందో విడమరచి చెప్పనక్కర్లేదు.

రిచర్డ్‌సన్ కాదన్న సుఖాంతాన్ని 1919లో ఇ.ఎం. హల్ అనే ఇంగ్లిష్ రచయిత్రి ‘ద షేక్’ నవలలో ఇచ్చేసింది. అల్జీరియా ఎడారిలో ఓ అరబ్బు నాయకుడు ఇంగ్లిష్ అమ్మాయిని ఎత్తుకుపోయి బలాత్కరిస్తాడు, ఆమె అతన్నే ప్రేమిస్తుంది. పుస్తకాలు విపరీతంగా అమ్ముడుపోయాయి. 1921లో సినిమాగా తీసినప్పుడు ఆ బలాత్కారాన్ని మసకబార్చి, నాయకుడి వేషం కట్టిన నటుడు వాలెంటినోను కలల రాజుగా నిలబెట్టారు. ఇంకో తమాషా. చివర్లో అతను అరబ్బే కాదు, ఇంగ్లిష్ దొర కొడుకని తేలుతుంది. ఆనాటి పాఠకులకు చెరపట్టడం కంటే జాతి దాటడమే పెద్ద అభ్యంతరం అయివుండాలి.

ఇన్ని పుస్తకాలు ఆడవాళ్లే చదువుతున్నారు కదా, వాళ్లనే అడుగుదామని వెళ్లినవాళ్లలో జానిస్ రాడ్‌వే ముఖ్యురాలు. 1984లో ఆమె రాసిన ‘రీడింగ్ ద రొమాన్స్’ అమెరికాలోని ఓ పట్టణంలో 40 మందికి పైగా ఆడవాళ్లు ఈ నవలలను ఎలా చదువుతారో చెబుతుంది. ప్రేమకథలో ఎన్నటికీ ఉండకూడనివి ఏమిటంటే వాళ్లు ముందు చెప్పినవాటిలో బలాత్కారం ఒకటి. కొందరు కొనేముందు ఆఖరి పేజీలు తిరగేసి, కథ మంచిగా ముగుస్తుందని నిర్ధారించుకునే కొనేవాళ్లు. చదివే గంట ఒక్కటీ తమదని, ఆ గంటలో మొగుడికీ పిల్లలకూ అన్నం పెట్టనక్కర్లేదని చెప్పారు. ఎత్తుకుపోయే కథానాయకుడి కంటే నాకు ఆ గంటే ఎక్కువ ఆసక్తిగా కనిపిస్తుంది.

ఇంకో లెక్క ఉంది. అంతకుముందు జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తూ క్రిటెల్లి, బివోనా అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 2008లో ఓ వ్యాసం రాశారు. తమను బలవంతం చేసినట్టు ఊహించుకున్నామని చెప్పిన స్త్రీలు 31 నుంచి 57 శాతం దాకా ఉన్నారని అందులో తేలింది. ఈ అంకె చూపించి "చూశావా, లోపల వాళ్లకూ ఇష్టమే" అనే మగాడు ఒకడు ఎక్కడో ఉండనే ఉంటాడు. ఊహలో బలవంతం చేసేవాణ్ని ఎంచుకునేది ఆమె, ఎప్పుడు ఆగాలో చెప్పేదీ ఆమే. నిజంలో ఆ రెండూ ఉండవు. ఉంటే అది బలవంతమే కాదు.

చదివే ఆడవాళ్లకు మతిపోయిందనే మాటను అందుకే నేను ఒప్పుకోను. అలాగని "కథే కదా" అని చేతులు దులిపేసుకునే వాదన కూడా నాకు రుచించదు. పుస్తకం చేసే మోసం ఒకటి ఉంది. దాన్ని పట్టుకున్నది విమర్శకులూ కాదు, అభిమానులూ కాదు, సగంలో పుస్తకం పక్కన పడేసినవాళ్లు.

మా అమ్మాయి ‘హాంటింగ్ ఆడలైన్’ను అలాగే పడేసింది. డీఎన్‌ఎఫ్ అంటారట, పూర్తి చేయని పుస్తకం. భయమేసిందా అంటే కాదంది. "ఒకసారి వద్దంది, రెండోసారి వద్దంది, మూడోసారి నోరు వద్దన్నా ఒళ్లు ఒప్పుకుందని రాశారు. ఒళ్లు ఒప్పుకోవడమేంటత్తా? చలేస్తే ఒళ్లు వణుకుతుంది. చలికి ఒప్పుకున్నట్టా?" ఈ ఒక్క ప్రశ్న ముందు నేను చదివిన పొగడ్తలూ తిట్లూ చిన్నబోయాయి. ఆ రచయిత్రి చీకటిని చూపించినందుకు ఈ పిల్లకు కోపం రాలేదు. చీకటిని చూపిస్తానని పిలిచి, మధ్యలో దొంగచాటుగా లైటు వేసినందుకు వచ్చింది. జేడ్ పిల్లల్ని కాపాడతాడన్నది కూడా అలాంటి లైటే. ఓ చేత్తో అన్నదానం చేస్తున్నాడు కదా, రెండో చేత్తో ఏం చేస్తున్నాడో చూడకండి అన్నట్టు.

ఇక ఈ చర్చలో ఎవరో ఒకరు ‘స్టాక్‌హోమ్ సిండ్రోమ్’ అనకుండా పొద్దు గడవదు, అంటే బంధించినవాడి మీదే బందీకి మమకారం పుట్టడం. ఆ మాట పుట్టింది 1973 ఆగస్టులో, స్టాక్‌హోమ్‌లోని ఓ బ్యాంకులో ఆరు రోజుల పాటు నలుగురిని దొంగలు బంధించినప్పుడు. పోలీసులకు సలహాలిచ్చిన మానసిక వైద్యుడు నిల్స్ బెయెరోత్ దానికి ఆ రోగం పేరు పెట్టాడు. బందీల్లో ఒకరైన క్రిస్టిన్ ఎన్‌మార్క్ తర్వాత చెప్పింది వేరు: తనకు దొంగల కంటే పోలీసుల తొందరపాటంటేనే ఎక్కువ భయమేసిందని, తాను చేసిందంతా బతికి బయటపడటానికేనని. బందీ కాస్త మెత్తగా మాట్లాడితే పాఠకుల్లో ఒకరు ప్రేమంటారు, ఇంకొకరు జబ్బంటారు. అది లెక్క కావచ్చు. వాడు ఎప్పుడు నిద్రపోతాడు, తాళంచెవి ఏ జేబులో ఉంది, ఎంత నవ్వితే ఇవాళ అన్నం పెడతాడు... ఈ లెక్కను పేజీల మీద నిజాయితీగా రాసిన నవలను ఎంత చీకటిగా ఉన్నా చదువుతాను.

ఒప్పుకోలుకూ బలవంతానికీ ఉన్న తేడా మనవాళ్లకు కొత్తగా చెప్పాలా! కృష్ణుడు రుక్మిణిని రథమెక్కించుకుని పోయాడు, భీష్ముడు కాశీరాజు కూతుళ్లను రథమెక్కించుకుని పోయాడు. రుక్మిణి అగ్నిద్యోతనుడి చేత కబురు పంపింది, ఎక్కడికి రావాలో, ఎప్పుడు రావాలో కూడా తనే చెప్పింది. అంబను ఎవరూ అడగలేదు. పెళ్లికావాల్సిన పిల్లలచేత మనం చదివించేది రుక్మిణీ కల్యాణం, అంబ కథ కాదు. అశోకవనంలో సీత గడ్డిపరక అడ్డం పెట్టుకుని మాట్లాడిందని చెప్పుకోని ఇల్లు లేదు. అంత సన్నటి గీత కూడా గీతేనని చిన్నప్పుడే విన్నాం.

విన్నాం గానీ, ఫోన్లలో రోజుకో భాగం వచ్చే తెలుగు సీరియల్ కథలు ఓ నెలపాటు చదివి చూడండి. నేను చదివినవాటిలో తరచుగా ఎదురైంది ఒకే ఘట్టం. పగతోనో పంతంతోనో హీరో అమ్మాయి మెడలో బలవంతంగా తాళి కట్టేస్తాడు. ఆ తర్వాత ఆమె ‘వద్దు’కు విలువుండదు, అది అలక కిందికి మారిపోతుంది. అత్తగారింటి గది జైలని ఎవరూ అనరు. అది కుటుంబ కథల అరలో ఉంటుంది, ముందు హెచ్చరిక పేజీ ఉండదు, కింద "నెక్స్ట్ పార్ట్ ఎప్పుడండీ" అని అడిగేవాళ్లలో మా వదిన కూడా ఉంది. కూతురి కిండిల్ చూసి ముక్కున వేలేసుకున్న వదినే. చట్టం కూడా మా వదిన పక్షానే ఉంది. భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లోని రెండో మినహాయింపు ప్రకారం, 18 ఏళ్లు నిండిన భార్యను భర్త బలవంతం చేస్తే అది అత్యాచారం కాదు. 2022 మే 11న ఢిల్లీ హైకోర్టులో ఇద్దరు జడ్జీలు పాత చట్టంలోని ఇదే మినహాయింపు మీద రెండు రకాలుగా తీర్పు చెప్పారు, వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. హెచ్చరిక రాసి మరీ అమ్మే ఇంగ్లిష్ నవల కంటే, హెచ్చరిక అవసరమని ఎవరికీ తట్టని ఈ తాళి కథే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

మొన్న మా అమ్మాయి మళ్లీ వచ్చింది. ఎప్పుడో ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద కొన్న ‘క్లారిస్సా’ ఆమె ముందు పెట్టాను, దాదాపు 1,500 పేజీల దిండు. చేత్తో బరువు చూసింది. వెనక అట్ట చదివింది.

"చివరికి ఆ అమ్మాయి బతుకుతుందా అత్తా? ముందే చెప్పెయ్."

"లేదు. చచ్చిపోతుంది."

"అయితే నాకొద్దు" అని పుస్తకం నా ఒళ్లో పెట్టేసి, టీ పెట్టుకోవడానికి వంటింట్లోకి పోయింది.