ముందు పేరు అడగండి, తర్వాత కెమెరా తీయండి

సైనిక స్థావరంలోని మనుషుల ఫోటోలంటే మనకు కనిపించేవి దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. కవాతులో వరుసగా కదిలే బూట్లు, జెండాకు సెల్యూట్ చేస్తున్న చెయ్యి, నెలల తరబడి దూరంగా ఉండి తిరిగొచ్చిన తండ్రి మెడను చుట్టుకుని ఏడుస్తున్న పాప. ఆ పాప కన్నీళ్లు నిజమైనవే, వాటిని నేను తక్కువ చేయడం లేదు. కానీ తండ్రి లేని ఆ నెలల్లో పాపకు జ్వరం వచ్చిన రాత్రి పక్క క్వార్టరులో ఉండే ఆవిడ తెల్లవార్లూ మేలుకుని కూర్చుంది కదా, ఆవిడ ఫోటో ఎవరి దగ్గరుంది? కొన్నేళ్లపాటు స్థావరం క్వార్టర్లలో ఉండి, వీలు చిక్కినప్పుడల్లా ఇరుగుపొరుగుల ఫోటోలు తీసినదాన్ని కాబట్టి ఈ ప్రశ్న నన్ను వదలదు.

స్థావరం అనగానే బయటివాళ్లకు సైనికులే గుర్తొస్తారు. లోపల ఉండేవాళ్లకు అది ఒక ఊరు. అక్కడ టీచర్లు, నర్సులు, జుట్టు కత్తిరించేవాళ్లు, బండ్లు బాగుచేసే మెకానిక్కులు, పదవీ విరమణ చేసినా ఆ పరిసరాలను వదిలి వెళ్లలేని పెద్దవాళ్లు అందరూ ఉంటారు. వీళ్లందరిలో నాకు గాఢంగా గుర్తుండిపోయిన మనిషి యూనిఫారాలు కుట్టే ఒక దర్జీ. ఎవరికి పదోన్నతి వచ్చిందో వాళ్ల ఇంట్లోవాళ్లకన్నా ముందు ఆయనకే తెలిసేది, ఎందుకంటే కొత్త హోదా చిహ్నాలు కుట్టించుకోవడానికి అందరూ నేరుగా ఆయన దగ్గరికే వచ్చేవారు. ఎవరు ఎంత చిక్కిపోయి తిరిగొచ్చారో నడుము కొలత తీసుకుని చెప్పేవాడు. మొదటిసారి వెళ్లినప్పుడు ఆయనను మిషను ముందు కూర్చోమన్నాను, సూది చేతిలో పట్టుకోమన్నాను. చెప్పినట్టే కూర్చున్నాడు. ఆ ఫోటోలో దర్జీ ఉన్నాడు గానీ ఆ మనిషి లేడు. నాలుగోసారి కెమెరాను సంచిలోనే ఉంచి మాట్లాడుతుంటే, సొరుగులోంచి ఒక రేకు డబ్బా బయటికి తీశాడు. పాత యూనిఫారాల నుంచి విప్పిన పేరు పట్టీలను, ఎవరూ తిరిగి అడగనివాటిని, ఆయన ఏళ్ల తరబడి అందులో దాచిపెట్టాడు. ఒక్కొక్క పట్టీనీ అరచేతిలో పెట్టుకుని, ఇతను కుట్టుకూలి ఇవ్వడం మరచిపోయి వేరే ఊరి నుంచి పంపాడని, ఇతని భుజాలు రెండూ ఒక ఎత్తున ఉండేవి కావని చెప్పుకుంటూ పోయాడు. ఇలాగే ఉండండి, ఒక్క ఫోటో తీసుకుంటానని అప్పుడు అడిగాను. “పట్టీల మీది పేర్లు పడకుండా తియ్యమ్మా, వాళ్లను మనం అడగలేదు కదా” అన్నాడు.

ఆ ఒక్క మాట ముందు నేను చదివిన ఫోటోగ్రఫీ పాఠాలన్నీ చిన్నబోయాయి. స్థావరంలో అనుమతి అంటే కమాండింగ్ అధికారి సంతకం ఉన్న కాగితమని చాలామంది అనుకుంటారు. అది తప్పనిసరే. ఎంపిక చేసిన సైనిక స్థావరాలను కమాండర్ అనుమతి లేకుండా ఫోటో తీయడం అమెరికాలో ఫెడరల్ నేరం. భారతదేశంలో నిషిద్ధ ప్రాంతాల విషయంలో 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. అయితే ఆ కాగితంతో నాకు కెమెరా లోపలికి తెచ్చుకునే హక్కు మాత్రమే వస్తుంది, ఎదుటి మనిషి ముఖం మీద హక్కు రాదు. హోదాల మీద నడిచే చోట పై అధికారి పక్కన నిలబడి ఉండగా కిందివాడు చెప్పే “అభ్యంతరం లేదండీ” అన్న మాటను అంగీకారంగా లెక్కపెట్టడం అన్యాయం. ఒకసారి ఒక అధికారి ఎంతో మంచి మనసుతో, నా పని సులువు చేద్దామని, ఆరుగురు కొత్త కుర్రాళ్లను వరుసగా నిలబెట్టాడు. అందరూ ఒకే గొంతుతో సరేనన్నారు, నేను తీసుకున్నాను. రెండు రోజుల తర్వాత వాళ్లలో ఒకడు మా గుమ్మం దగ్గరికి వచ్చి, తాను సైన్యంలో చేరిన సంగతి అమ్మకు ఇంకా చెప్పలేదని, ఆ ఫోటో ఎక్కడా పెట్టవద్దని తల వంచుకుని అడిగాడు. అతని ఎదుటే చెరిపేశాను. ఆ రోజు నుంచి ఎవరినైనా ఒంటరిగా ఉన్నప్పుడే అడుగుతాను, రెండు రోజులాగి మళ్లీ అడుగుతాను. రెండోసారి వద్దంటే కారణం అడగను.

ఇలా నెమ్మదిగా చేస్తే మంచి ఫోటోలు చేజారిపోతాయని వాదించేవాళ్లు పేరున్న ఫోటోగ్రాఫర్ల పని చూడాలి. గోర్డన్ పార్క్స్ 1943లో అమెరికా ప్రభుత్వ యుద్ధ సమాచార కార్యాలయం తరఫున మిషిగన్‌లోని సెల్ఫ్రిడ్జ్ ఫీల్డ్ వైమానిక స్థావరానికి వెళ్లి, 332వ ఫైటర్ గ్రూపు అనే యుద్ధవిమాన దళంలోని నల్లజాతి పైలట్లను వాళ్ల శిక్షణ కాలంలో చిత్రించాడు. వాళ్లు యుద్ధానికి బయలుదేరినప్పుడు వెంట వెళ్లడానికి మాత్రం ఆయనను అనుమతించలేదు. రినెకె డైక్‌స్ట్రా, విదేశీయులను చేర్చుకునే ఫ్రాన్స్ సైనిక దళం ఫ్రెంచ్ ఫారిన్ లీజియన్‌లో చేరిన ఒకే ఒక్క యువకుడిని, చేరిన నాటి నుంచి, 2000 నుంచి 2003 వరకు మళ్లీ మళ్లీ ఫోటో తీసింది. ఆ వరుసలో యుద్ధం ఎక్కడా కనిపించదు, ఒక ముఖం క్రమంగా బిగుసుకోవడమే కనిపిస్తుంది. ఇక సుజాన్ ఆప్టన్, న్యూయార్క్ రాష్ట్రంలోని ఫోర్ట్ డ్రమ్ సైనిక స్థావరంలో, ఇరాక్ నుంచీ ఆఫ్ఘనిస్తాన్ నుంచీ తిరిగొచ్చిన సైనికులను తలను బల్ల మీద ఆనించమని మాత్రమే అడిగింది. తుపాకీ లేదు, జెండా లేదు. ఆ చిత్రాల పేర్లలో ఆ సైనికుడి ఇంటిపేరు, యుద్ధంలో గడిపిన రోజుల సంఖ్య ఉంటాయి. నన్నడిగితే, స్థావరాల గురించి వచ్చిన ఫోటోల్లో వాటికి సాటి వచ్చేవి చాలా తక్కువ.

భద్రత గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడ మనం చేసే తప్పుకు మూల్యం చెల్లించేది మనం కాదు. 2007లో ఇరాక్‌లోని ఒక స్థావరానికి కొత్త హెలికాప్టర్లు వచ్చినప్పుడు సైనికులే సరదాగా తీసి ఇంటర్నెట్‌లో పెట్టిన ఫోటోల్లో స్థాన సమాచారం ఉండిపోయింది. దాని ఆధారంగా జరిగిన మోర్టారు దాడిలో నాలుగు అపాచీ హెలికాప్టర్లు ధ్వంసమయ్యాయని అమెరికా సైన్యమే తరువాత చెప్పుకుంది. 2017లో వ్యాయామ యాప్ స్ట్రావా ప్రచురించిన పటంలో, సైనికులు పరుగెత్తిన దారులు స్థావరాల ఆకారాన్నే గీసి చూపించాయి. అందుకే ఫోన్‌లోనూ కెమెరాలోనూ లొకేషన్ ఆపేయాలి, బండి నంబర్లు, గేట్లు, యాంటెనాలు, యూనిట్ చిహ్నాలు ఫ్రేములోకి రానివ్వకూడదు. ఇది కళకు అడ్డమని ఎవరైనా అంటే ఒప్పుకోను. కిటికీ పక్కన కూర్చోబెట్టి, లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, అంటే అపర్చర్‌ను, బాగా తెరిచి, వెనకున్నదంతా మసకబారేలా తీస్తే భద్రత నిలుస్తుంది, ముఖమూ నిలుస్తుంది.

నా అసలు కోపం పేర్లు లేని ఫోటోల మీద. స్థావరం అనే ఊరు బదిలీలతో కొన్నేళ్లకోసారి పూర్తిగా మారిపోతుంది. ఇవాళ వీధిలో అందరికీ తెలిసిన మనిషి రెండు బదిలీల తర్వాత ఎవరికీ తెలియదు. బయట ప్రచురించేటప్పుడు పేరు దాచాల్సి వస్తే దాచండి, కానీ ప్రింటు వెనుక రాయండి. “ఒక సైనికుడి భార్య” అని రాసి చేతులు దులుపుకోకండి.

బదిలీ ఉత్తర్వు అందిన ఒకావిడ తన సామాను పెట్టెతో ఫోటో దిగుతానని అడిగింది. దాని మూత మీద పాత చిరునామా మీద రంగు పూసి కొత్తది, దాని మీద మళ్లీ రంగు పూసి ఇంకోటి, అలా పొరలు పొరలుగా పెచ్చులు లేచి ఉంది. ఫోటో అయ్యాక ఆమె భర్త హోదా, యూనిట్, పనిచేసిన చోట్లు రాసుకోవడానికి నేను పుస్తకం తెరిచాను. “అవన్నీ మా ఆయన సర్వీసు పుస్తకంలో ఉన్నాయి, ఇది నాది” అని ఆపి, తానే వరుసగా చెప్పింది: ఒక చోట రెండో బిడ్డ పుట్టింది, ఒక చోట టీచరు ఉద్యోగం మానేసింది, ఒక చోట కారు నడపడం నేర్చుకుంది, ఒక చోట ఉండగా తల్లి పోతే సమయానికి వెళ్లలేకపోయింది. ఆమె చెప్పింది చెప్పినట్టే నేను ప్రింటు వెనుక రాసి ఇచ్చాను. ఆమె దానిని అక్షరాలు పైకి కనిపించేలా పెట్టె మూత లోపలివైపు అంటించుకుంది.