పౌర్ణమి పోటు, ఒంటి చెప్పు

మా మావయ్యగారికి సముద్రం గురించి ఎవరైనా చెప్పబోతే ఒళ్ళు మండుతుంది. పుట్టింది భీమవరం దగ్గరే అయినా ఉద్యోగమంతా విశాఖపట్నంలో చేశారు. రిటైరయ్యాక రోజూ తెల్లారేసరికి ఆర్.కె. బీచ్‌లో వాకింగ్. బంగాళాఖాతం తనకి దగ్గర చుట్టం అన్నట్టే మాట్లాడతారు.

ఆయనా, అత్తయ్యా వేసవిలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా ఇంటికి వచ్చారు. రెండు వారాలు కోటలూ చర్చిలూ తిప్పేసరికి ఆయనకి విసుగొచ్చింది. "ఇంక రాళ్ళు చూడలేన్రా, కాస్త సముద్రం చూపించు" అన్నారు కొడుకుతో. మా ఆయన పోర్చుగల్ దక్షిణపు అంచున ఉన్న అల్గార్వ్‌కి టికెట్లు తీశారు. ఫారోలో దిగి, కారు అద్దెకి తీసుకుని, పడమటి వైపు లాగోస్ చేరాం.

మొదటి రోజు మెయా ప్రాయా అనే బీచ్‌కి వెళ్ళాం. నాలుగు కిలోమీటర్ల పొడవునా ఇసకే. మావయ్యగారు పంచె కాస్త ఎత్తిపట్టి నీళ్ళలో కాలు పెట్టి, పెట్టినంత వేగంగానూ తీసేశారు. ఆగస్టులో కూడా అక్కడి నీళ్ళు మామూలుగా ఇరవై, ఇరవై రెండు డిగ్రీల దగ్గరే ఉంటాయి. "ఇదేం సముద్రం! ఫ్రిజ్జులో నీళ్ళలా ఉన్నాయి" అని తేల్చేసి, ఇసకలో కూర్చుని మాకు చరిత్ర పాఠం మొదలుపెట్టారు. "వాస్కో డ గామా 1497లో లిస్బన్‌లో ఓడెక్కి 1498లో కాలికట్‌లో దిగాడా? అడక్కుండా వచ్చాడు కదా! ఇన్నాళ్ళకి మనం బదులు చూడ్డానికి వచ్చాం." ఇంతలో భుజానికి డబ్బా తగిలించుకున్న కుర్రాడొకడు బోలా డి బెర్లిం అమ్ముతూ వచ్చాడు. నూనెలో వేయించిన బన్నులో పసుపచ్చటి క్రీము కూరిస్తే అది. అత్తయ్య మొదట అడిగిన ప్రశ్న "గుడ్డుందా?" ఉంది. ఆ క్రీమంతా గుడ్డు సొనే. ఆవిడ వద్దన్నారు. మావయ్యగారు ఆవిడ వాటా కూడా తిన్నారు.

మర్నాడు పొద్దున్నే హోటల్ గదిలో అత్తయ్య ఫోన్‌లో పంచాంగం తెరిచి, "ఇవాళ పౌర్ణమి. ఉల్లిపాయ వద్దమ్మా, పులిహోర చాలు" అన్నారు. చెప్పాలంటే, ఆ రోజు మొత్తం మీద పనికొచ్చిన సమాచారం అదొక్కటే. మాలో ఎవరమూ దాన్ని వంట విషయం దాటి ఆలోచించలేదు.

వెళ్ళింది ప్రాయా దు కమీలు. తేనె రంగు కొండల మధ్య చిన్న ఇసక ముక్క. పైన రోడ్డు మీంచి దాదాపు రెండు వందల చెక్క మెట్లు దిగాలి. దిగాక కొండలోంచి ఒక సొరంగం తవ్వి ఉంటుంది, అందులోంచి వెళ్తే పక్కనే ఇంకో చిన్న బీచ్. మేం వెళ్ళేసరికి పదిన్నర. సముద్రం ఎక్కడో దూరంగా ఉంది, ఇసక బోలెడంత ఖాళీగా ఉంది. జనం మాత్రం అందరూ వెనక్కి, మెట్ల వైపే చేరి ఇరుక్కుని కూర్చున్నారు. "ఇంత చోటు పెట్టుకుని ఆ ఇరుకులో ఏం సుఖం?" అని మావయ్యగారు నేరుగా ముందుకు నడిచి చాప పరిచేశారు. కొండ కిందకి మాత్రం వెళ్ళనివ్వలేదు, రాళ్ళు పడతాయని బొమ్మతో సహా బోర్డు ఉంది. అది ఉత్తుత్తి బోర్డు కూడా కాదు. 2009లో అల్బుఫేయిరా దగ్గర ఒక బీచ్‌లో కొండ అంచు విరిగిపడి ఐదుగురు చనిపోయారు.

కాసేపటికి లైఫ్‌గార్డు కుర్రాడు వచ్చాడు. ఎర్ర నిక్కరు, పసుప్పచ్చ టీషర్టు. సముద్రాన్ని చూపించాడు, మా చాపని చూపించాడు, అరచెయ్యి మెల్లగా పైకి లేపాడు. ఆ తరవాత మెట్ల దగ్గర నల్లబల్ల వైపు వేలు పెట్టాడు. మావయ్యగారు బొటనవేలెత్తి "ఓకే, ఓకే" అని నవ్వి పంపించేశారు. నల్లబల్ల మీద సుద్దముక్కతో ప్రేయా-మార్ అనీ, పక్కన నాలుగ్గంటల టైమూ రాసుంది. "పాపం, నాలుగింటిదాకా డ్యూటీట. అదే చెబుతున్నాడు" అన్నారు. అది పోటు నిండే టైము.

అసలు సంగతేమిటంటే, విశాఖ దగ్గర పోటుకీ ఆటుకీ మధ్య తేడా ఒకటిన్నర మీటరు చుట్టుపక్కలే. అల్గార్వ్‌లో అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒక వరసలోకి వచ్చినప్పుడు అది మూడు మీటర్లదాకా వెళ్తుంది. అదైనా ఆరు గంటల్లో సమానంగా పెరగదు. మొదటి గంటలో పెరిగినట్టే ఉండదు. మూడో గంటా నాలుగో గంటా వచ్చేసరికి పరుగే. మనుషులు సరిగ్గా అప్పుడే అన్నం తిని కునుకు తీస్తుంటారు.

పులిహోర అయింది. పెరుగన్నం అయింది. మావయ్యగారు తన చెప్పుల్ని గుడి ముందు విడిచినట్టు చాప అంచున జతగా పెట్టి, తువ్వాలు మొహం మీద వేసుకున్నారు. గురక మొదలైంది. అత్తయ్య మాత్రం రెండు సార్లు లేచి నీళ్ళ వైపు చూశారు.

"ఏమండీ, నీళ్ళు దగ్గరకొచ్చినట్టు లేవూ?"

తువ్వాలు కిందనుంచి, "రావే. ఎన్నేళ్ళుగా చూడ్డంలేదూ" అన్నారు.

"ఇవాళ పౌర్ణమి కదండీ."

"పౌర్ణమి మనకి. వీళ్ళకి కాదు."

ఆ మాట పూర్తవుతుండగా మొదటి అల వచ్చి చాప కిందకి దూరింది. చాప ఒక్కసారి ఉబ్బి, మావయ్యగారిని అరచేతి మందాన పైకి లేపి, కిందకి దింపింది. ఆయన "హరి హరీ!" అంటూ లేచి కూర్చునేసరికి రెండో అల ఒళ్ళోకి వచ్చేసింది. నేను సంచీ పట్టుకున్నాను, మా ఆయన గొడుగు పట్టుకున్నారు, అత్తయ్య పులిహోర డబ్బా గుండెకి హత్తుకున్నారు. వెనకాల ఇరుక్కుని కూర్చున్న జనం, పొద్దుట్నించీ దీనికోసమే కాచుకున్నట్టు, జరిగి మాకు చోటిచ్చారు. ఒక ముసలావిడ చప్పట్లు కూడా కొట్టింది.

చెప్పులు అప్పటికే బయల్దేరిపోయాయి. ఎడమది కాస్త దూరం వెళ్ళి, ఆలోచించుకుని, తిరిగొచ్చింది. కుడిది రాలేదు.

"రెండోది కూడా వస్తుంది. సముద్రం ఏదీ దాచుకోదు" అని మావయ్యగారు మోకాళ్ళ లోతు చల్లటి నీళ్ళలో నిలబడ్డారు. పోటు ఎక్కుతోంది. మోకాళ్ళ లోతు తొడల లోతయింది. లైఫ్‌గార్డు ఈల వేశాడు. ఈసారి సైగలు లేవు.

మెట్లెక్కడం ఇంకో ఘట్టం. రెండు గంటల ఎండకి చెక్క పెనంలా కాలుతోంది. మా ఆయన తన చెప్పులు విప్పి ఇవ్వబోతే, "నాకేం అక్కర్లేదు" అని ఒంటి చెప్పుతోనే బయల్దేరారు. మెట్టు మెట్టుకీ చెప్పు ఈ కాలి నుంచి ఆ కాలికి మారింది. ప్రతి మలుపు దగ్గరా ఆగి, కమ్మీ పట్టుకుని, ఒంటికాలి మీద ప్రకృతిని మెచ్చుకున్నారు. "చూశావా అమ్మాయ్, నీళ్ళ రంగు!" చూశాను. మేం కూర్చున్న చోటు కూడా ఆ రంగులోనే ఉంది.

పైన ఊళ్ళోకొచ్చి మొట్టమొదట కనిపించిన కొట్లో దూరాం. అంతా టూరిస్టు సరుకు. ఆయన సైజులో దొరికినవి ఒకే రకం రబ్బరు చెప్పులు, వాటి మీద పోర్చుగల్ వాళ్ళకి ఎంతో ఇష్టమైన బార్సెలూష్ పుంజు బొమ్మ. నల్లటి ఒళ్ళు, ఎర్రటి తురాయి. మావయ్యగారి మొహం ఆ రోజుకి మొదటిసారి వెలిగింది. "కాకి పుంజురా! సంక్రాంతికి దీని మీద ఎంతైనా కాయొచ్చు" అని అక్కడికక్కడే తొడుక్కున్నారు.

వీధిలో నాలుగడుగులు వేశాక అసలు సమస్య తెలిసింది. ఎడమ చెప్పు మీది పుంజు కుడి వైపు చూస్తోంది, కుడి చెప్పు మీదిది ఎడమ వైపు చూస్తోంది. అడుగు తీసి అడుగు వేస్తుంటే ఒకసారి ఇది ముందుకి దూకుతోంది, ఒకసారి అది. ఆయన తల వంచుకుని వాటినే చూసుకుంటూ నడుస్తున్నారు.

అత్తయ్య వెనకనుంచి అడిగారు, "ఏది గెలుస్తోందండీ?"

"ఎడమది" అన్నారు మావయ్యగారు తల ఎత్తకుండానే.