జానెడు ముక్కగారికి మూరెడు విన్నపం

మహారాజరాజశ్రీ గేజ్ స్వాచ్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. స్వెట్టర్ మొదలుపెట్టే ముందు, 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు పడతాయో చూడటానికి అల్లిన నమూనా ముక్క తమరు. ఇప్పుడు టీ గ్లాసు కింద క్షేమంగానే ఉన్నారు. మామగారి స్వెట్టర్ మాత్రం క్షేమంగా లేదు. మొన్న మొదటిసారి నీళ్ళు చూసింది, ఈ పొద్దున ఆరింది. టేపు పెడితే ఛాతీ 110 సెంటీమీటర్లు. అల్లిందేమో 100కి. చేతులు మణికట్టు దాటి కిందికి దిగాయి. ఆయన తొడుక్కుని అద్దంలో ఒకసారి చూసుకుని, "బాగానే ఉందమ్మా, లోపల ఇంకో స్వెట్టర్ కూడా వేసుకోవచ్చు" అన్నారు. ఆ మాట తమరి చెవిన వేద్దామనే ఈ ఉత్తరం.

తమరు 22 అన్నారు. 4 మిల్లీమీటర్ల సూదుల మీద, 10 సెంటీమీటర్లకు 22 కుట్లు, 30 వరుసలు. స్కేలు పెట్టి మూడుసార్లు అడిగినా అదే మాట. మాట మీద నిలబడే ముక్క కదా అని సూది మీదికి 220 కుట్లు ఎక్కించడమైంది. చంకల దాకా 120 వరుసలు, అంటే 26,400 కుట్లు. నిమిషానికి 30 కుట్లు పడే చెయ్యయినా సరే, 14 గంటలు దాటే పని. చేతులు, మెడపట్టీ ఆ లెక్కలో లేవు. తీరా తడిశాక తేలిన అసలు లెక్క 20. రెండంటే రెండు కుట్ల తేడా. జానెడు ముక్కలో అవి ఎవరి కంటికీ ఆనవు. ఒళ్ళు చుట్టూ తిరిగొచ్చేసరికి మాత్రం మామగారితోపాటు పిల్లి కూడా పట్టేంత చోటయింది.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. తమరిది ఆ మెతుకు ఉద్యోగం. అంతకుమించి తమర్ని ఎవరూ ఏమీ అడగలేదు.

మెతుకుల్లోనూ తేడాలుంటాయని ఒప్పుకుంటాను. కుక్కర్లో కేకు చేసేవాళ్ళకు బాగా తెలుసు: పుల్లను అంచున గుచ్చితే ఎప్పుడూ పొడిగానే వస్తుంది, ఎందుకంటే గిన్నె అంచు ముందు ఉడుకుతుంది. నడిమధ్యన గుచ్చితే గానీ పచ్చిపిండి బయటపడదు. తమరి అంచులూ అంతే. పక్కలు చుట్టుకుపోతాయి, ఎక్కించిన వరుస బిగుసుకుంటుంది, ముగించిన వరుస లాగుతుంది. అందుకే 22 కుట్లే ఎక్కించి వెడల్పు కొలిస్తే పని జరగదు. 36 ఎక్కించి, అటూ ఇటూ నాలుగేసి కుట్లు గార్టర్ అంచుగా (చుట్టుకుపోకుండా చదునుగా ఉండే అల్లికగా) వదిలి, కిందా పైనా కూడా నాలుగేసి వరుసలు అలాగే అల్లి, నడిమధ్యన 10 సెంటీమీటర్లు లెక్కపెట్టాలి. 5 సెంటీమీటర్లు కొలిచి రెండింతలు చెయ్యడం కాకిలెక్క. అక్కడ అరకుట్టు తప్పితే ఇక్కడ నిండు కుట్టు తప్పినట్టే.

ఆ మర్యాదలన్నీ తమరికి జరిగాయి. గొట్టంలా చుట్టూతా అల్లే స్వెట్టర్‌కి ముక్కను అటూ ఇటూ తిప్పి అల్లకూడదని కూడా చూసుకోవడమైంది. తిప్పి అల్లితే వరుస విడిచి వరుస పర్ల్ కుట్లు, అంటే ఉల్టా కుట్లు, పడతాయి, చాలామంది చేతుల్లో పర్ల్ కాస్త వదులు. చుట్టూ అల్లితే అన్నీ నిట్ కుట్లే, అంటే సీదా కుట్లే, కాబట్టి బిగువు మారుతుంది. అందుకని వరుస అవగానే తిప్పకుండా, కుట్లన్నీ సర్క్యులర్ సూది (మధ్యలో తీగతో కలిపిన జంట సూది) ఆ కొసకు జరిపి, దారం వెనకనుంచి వదులుగా తెచ్చి, మళ్ళీ కుడివైపు నుంచే మొదలు. వెనకంతా దారాలు వేలాడుతూ తమరు ఎండిన బీరతీగలా తయారయ్యారు. అయినా భరించాం. వెదురు సూది మీద ముక్క అల్లి, స్టీలు సూది మీద స్వెట్టర్ అల్లే తప్పూ చెయ్యలేదు. స్టీలు మీద కుట్టు జారుతుంది, బిగువు మారుతుంది. ఇక టీవీ సీరియల్లో అత్తగారు విషం కలుపుతున్నప్పుడు పడిన కుట్లు కాస్త బిగిసి ఉంటాయి, అది అందరిళ్ళలో ఉన్నదే.

మరి ఇన్ని చేశాక కూడా 22 అని ఎలా చెప్పావు?

అవును, నువ్వే. ఇక తమరూ గిమరూ లేదు.

ఉతికి కొలవాల్సింది అంటావు. ఊలు సంగతి నీకు తెలీదా? ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి కాబట్టే మామూలు ఉన్ని అల్లిక తడిసినా అంతగా సాగదు. వేడినీళ్ళలో పిసికితే అవే ముడిపడి, నాన్న స్వెట్టర్ చంటాడికి సరిపోతుంది. మనదేమో మెషిన్లో వెయ్యొచ్చని లేబుల్ ఉండే సూపర్‌వాష్ ఊలు. అందులో ఆ పొలుసుల్ని క్లోరిన్‌తో అణచి, పైన సన్నటి పూత వేస్తారు. ముడిపడదు, నిజమే. కానీ పట్టూ ఉండదు. నీళ్ళు తగలగానే పోగు మీద పోగు జారి, కుట్టు కుట్టూ ఒళ్ళు విరుచుకుంటుంది. డ్రయ్యర్లో వేస్తే కొంత దగ్గరకొస్తుందట. మన డాబాల మీద డ్రయ్యరెక్కడిది, దండెం ఉంటుంది. తడి స్వెట్టర్‌ని దండెం మీద వేస్తే మోకాళ్ళ దాకా దిగుతుంది. తువ్వాల్లో చుట్టి నొక్కి నీరు తీసి, నవారు మంచం మీద పరిచి ఆరబెట్టాలి, గాలి కిందనుంచి కూడా ఆడుతుంది. అలాగే ఆరబెట్టాం. అయినా 110.

పైగా నీ బరువెంత? 10 గ్రాములు. స్వెట్టర్ 550 గ్రాములు, 50 గ్రాముల ఉండలు 11. భుజాలనుంచి వేలాడే ఆ బరువు నీకు ఏనాడైనా తెలుసా? ఆరిన తర్వాత కింది అంచుకు నాలుగు బట్టల క్లిప్పులు పెట్టి ఒక రాత్రి గోడకు వేలాడదీస్తే నీ అసలు పొడవు తేలేది. 10 సెంటీమీటర్లకు 30 వరుసలన్నావు, 28 అయ్యింది. 45 సెంటీమీటర్ల చెయ్యి 48 దాటింది.

నిన్ను 20 నిమిషాలు నానబెట్టి, ఆరబెట్టి, వేలాడదీయడానికి శ్రావణమాసపు ముసురులో రెండు రోజులు పడుతుంది. ఊలు ఉండలు ఒళ్ళో పెట్టుకుని రెండు రోజులు ఊరికే కూర్చునే అల్లికమనిషిని నాకు చూపించు.

ఇప్పుడు జరగాల్సింది విప్పడం. విప్పిన ఊలు సేమ్యాలా వంకర్లు తిరుగుతుంది. దాంతో అలాగే అల్లితే నువ్వు ఇంకో అబద్ధం చెబుతావు. కుర్చీ వీపుకు చుట్టి చిలపలు చేసి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పిండకుండా నొక్కి ఆరబెట్టాలి. 11 ఉండలకు 11 చిలపలు. అంతసేపూ పిల్లిని గదిలోకి రానివ్వకూడదు. దారం మింగితే పేగుల్లో చుట్టుకుంటుంది. నోట్లోంచి గానీ వెనకనుంచి గానీ కొస కనబడితే లాగొద్దు, పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి.

ఈలోగా ఇంటికొచ్చిన స్నేహితురాళ్ళు "లేసు అల్లుతున్నావా?" అంటారు. నరసాపురం లేసు ఒక్క కొక్కెం సూదితో అల్లేది, ఇది రెండు సూదులది అని ఎన్నిసార్లు చెప్పినా అదే ప్రశ్న. వెంటనే రెండోది: "ఖాళీగానే ఉంటావుగా, మా బాబుకీ ఒకటి అల్లిపెట్టవూ?" 26,400 అని చెబితే రూపాయలనుకుంటారు. అక్రిలిక్ స్వెట్టర్ మీద వేడి ఇస్త్రీపెట్టె పెట్టి, పోగు చచ్చి జీవం లేకుండా వేలాడాక తెచ్చి "బాగుచెయ్యి" అనేవాళ్ళ సంగతి వేరే ఉత్తరంలో రాస్తాను. రంగు లాట్ నంబరు కలవని చివరి ఉండ అమ్మిన దుకాణానికి కూడా ఒకటి బాకీ.

ఈసారి 200 కుట్లు ఎక్కిస్తాను. నిన్నడగను.

ఇట్లు,
26,400 కుట్లు విప్పబోతున్న బాధితురాలు

తా.క.: ఉత్తరం పెట్టడం రెండు రోజులు ఆలస్యమైంది. ఈలోగా పిల్లి గ్లాసు తన్నింది. టీ అంతా తమరే తాగారు. మరక పోవాలని బకెట్లో జాడించి, తువ్వాల్లో నొక్కి, మంచం మీద పరిచాను. ఆరాక ఎందుకో స్కేలు పెట్టాను. నడిమధ్యన, 10 సెంటీమీటర్లకు, 20.