మైగ్రేన్‌కు వెల్లుల్లి రసం, పొద్దున్నే ఓ మాత్ర: దయచేసి ఆ మెసేజ్ ఇక పంపకండి

"మైగ్రేన్‌కు శాశ్వత పరిష్కారం! డాక్టర్లు చెప్పని రహస్యం! పది మందికి పంపి పుణ్యం కట్టుకోండి" అనే మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. ఫ్యామిలీ గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, టెన్త్ బ్యాచ్ గ్రూపు, ఎక్కడ చూసినా అదే. పంపేవాళ్లలో ఫార్మసీ చదివినవాళ్లూ ఉన్నారు. పుణ్యం సంగతి తర్వాత, ముందు అందులో ఏముందో చూద్దాం.

మొదటి పాయింటు: మైగ్రేన్‌కు మూలం గ్యాసు, పైత్యం. కాదు. మైగ్రేన్ మొదలైతేనే పొట్ట కదలిక మందగిస్తుంది, వికారం, వాంతి దాని వెనకే వస్తాయి. చాలు, ముందుకెళ్దాం.

రెండోది: అంతా సైనస్ వల్లే, ఆవిరి పడితే పోతుంది. మైగ్రేన్‌లోనూ ముక్కు దిబ్బడ వేస్తుంది, కళ్లలో నీళ్లు కారతాయి. జ్వరం లేదు, పచ్చటి చీమిడి లేదు, కానీ వెలుతురు చూడలేరు, వికారం, పని చేసుకోలేరు, నెలనెలా ఇదే వరస. దీన్ని సైనస్ అనుకుని యాంటీబయాటిక్ కోర్సులు మింగడం ఒట్టి దండగ.

మూడోది: ఎడమవైపు నొప్పి వస్తే కుడి ముక్కులో వెల్లుల్లి రసం రెండు చుక్కలు. పచ్చి వెల్లుల్లి నూరి చర్మం మీద కట్టి ఉంచితేనే బొబ్బలెక్కుతుంది. ముక్కు లోపలి పొర దానికంటే ఎంతో సున్నితం. ఆ మంటలో కాసేపు తలనొప్పి మరిచిపోతారు, నిజమే. కాలి బొటనవేలి మీద రోకలి పడేసుకున్నా మరిచిపోతారు.

అసలు విషం నాలుగో పాయింటులో ఉంది. "రోజూ పొద్దున్నే కాఫీతో ఒక తలనొప్పి మాత్ర వేసుకుంటే ఆ రోజంతా నొప్పి రాదు. చీటీ లేకుండా ఇస్తారు కాబట్టి ఏ ప్రమాదమూ లేదు." చీటీ అడక్కపోవడం షాపువాడి అలవాటు, అది మందు గుణం కాదు.

నొప్పి మాత్రలు అతిగా వాడటం వల్లే వచ్చే తలనొప్పి ఒకటుంది. దానికి గీత ఇదీ: ఉత్త పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివైతే నెలకు 15 రోజులు. కెఫీన్ కలిపిన మాత్రలు, మైగ్రేన్‌కే ప్రత్యేకంగా ఇచ్చే ట్రిప్టాన్లు, ఎర్గోటమిన్ అయితే 10 రోజులే. మూడు నెలలకు మించి ఈ గీత దాటి వాడితే, అప్పుడప్పుడు వచ్చే మైగ్రేన్ నెలలో సగం రోజులు పట్టి పీడించే స్థితికి చేరవచ్చు. లేస్తూనే నొప్పి, మాత్ర వేస్తే కొన్ని గంటల ఊరట, మళ్లీ నొప్పి, మళ్లీ మాత్ర. ఆ పొద్దుటి మాత్ర "పనిచేస్తోంది" అనిపించేది కూడా ఇందుకే. రాత్రికి మందు ప్రభావం దిగిపోయి పొద్దున నొప్పి లేస్తుంది, దాన్ని ఆ మందే అణుస్తుంది. పెట్టిందీ తీసిందీ ఒకరే.

లెక్క మాత్రలది కాదు, రోజులది. ఒకే రోజు రెండు వేసుకుంటే అది ఒక రోజు. మూడు రోజులు అరముక్క చొప్పున వేసుకుంటే అవి మూడు రోజులు. వంటింటి క్యాలెండర్‌లో పాలవాడు రాని రోజు కొట్టేసే గడిలోనే మాత్ర వేసిన రోజుకూ ఒక టిక్కు పెట్టండి. వారానికి రెండు దాటుతుంటే నివారణ మందుల గురించి డాక్టరుతో మాట్లాడాల్సిందే. ఇప్పటికే గీత దాటినవాళ్లు పారాసెటమాల్ లాంటివీ ట్రిప్టాన్లూ ఒక్కసారిగా ఆపొచ్చు. కానీ మొదటి 2 నుంచి 10 రోజులు నొప్పి మరింత పెరుగుతుంది. చాలామంది మళ్లీ మాత్ర అందుకునేది అక్కడే. ట్రమడాల్, కోడీన్ లాంటి నల్లమందు జాతి మందులు ఉన్నవి మాత్రం సొంతంగా ఆపకూడదు, వాటిని డాక్టరే మెల్లగా తగ్గించాలి.

మరి మాత్రే వేసుకోకూడదా? వేసుకోవాలి, త్వరగా, పూర్తి మోతాదులో. నొప్పి మొదలైన గంటలోపు పెద్దవాళ్లకు పారాసెటమాల్ 1000 మి.గ్రా., లేదా అల్సరు, కిడ్నీ జబ్బు, గర్భం లేనివాళ్లకు తిన్నాక ఐబుప్రొఫెన్ జాతికే చెందిన న్యాప్రోక్సెన్ 500 మి.గ్రా. సాయంత్రం దాకా ఓర్చుకుని, అప్పుడు సగం విరిచి వేసుకుంటే, కదలిక తగ్గిన పొట్టలో అది అలాగే కూర్చుంటుంది. పొట్టను కదిలించి వాంతిని ఆపే డోంపెరిడోన్ 10 మి.గ్రా. జతచేసేది అందుకే. వీటికి లొంగకపోతే ట్రిప్టాన్లలో ఒకటైన సుమట్రిప్టాన్ 50 మి.గ్రా., డాక్టరు రాస్తేనే. గుండె జబ్బు, పక్షవాతం, అదుపులో లేని బీపీ ఉంటే వద్దు. ఎర్గోటమిన్ వేసుకునేవాళ్లు క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ల జోలికి పోకూడదు. రెండూ కలిస్తే రక్తనాళాలు బిగుసుకుపోయి కాళ్లూ చేతుల వేళ్లు నల్లబడే దాకా పోవచ్చు.

ఐదోది: డాక్టర్లు బీపీ మాత్రలు, "మెంటల్ మాత్రలు" అంటగడతారు. ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్ గురించన్నమాట ఈ ఏడుపు. రెండూ మైగ్రేన్‌ను నివారించేవే. అమిట్రిప్టిలిన్ రాత్రిపూట 10 మి.గ్రా.తో మొదలవుతుంది, డిప్రెషన్‌కు ఇచ్చే మోతాదు ముందు అది ఏ మూలకు? ఉబ్బసం ఉంటే ప్రొప్రనొలాల్ వద్దు, అది చెబితే సరిపోయేది. ఏదైనా సరే 6 నుంచి 8 వారాలు వాడితే గానీ ఫలితం తేలదు. పది రోజులకే "పనిచేయలేదు" అని డబ్బా పారేస్తే మందు చేసిన తప్పేమిటి?

ఆరోది మాత్రం ఒప్పుకుంటాను: స్కానింగులు దండగ. మామూలు మైగ్రేన్ లక్షణాలే ఉండి, పరీక్షలో నరాల లోపమేమీ కనబడకపోతే సీటీ, ఎమ్మారై అక్కర్లేదు. మరి అంతమందికి ఎందుకు రాస్తున్నారని వైద్యులను నిలదీయడంలో తప్పేమీ లేదు.

కానీ ఆ వెంటనే చివరి వాక్యం చూడండి: "బాలింతలకు తలనొప్పి వస్తే చలిగాలే కారణం, చెవుల్లో దూది పెట్టి ఇదే రసం వాడండి." కాన్పయిన మొదటి ఆరు వారాల్లో మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. మొదట కనిపించేది చాలాసార్లు తలనొప్పే, రోజురోజుకీ పెరుగుతుంది. తర్వాత చూపు మసకబారడం, ఫిట్స్, ఒక వైపు చెయ్యీ కాలూ పట్టు తప్పడం. కాన్పు తర్వాత బీపీ పెరిగినా తలనొప్పి వస్తుంది, అదీ ఫిట్స్ దాకా పోవచ్చు. స్కాను తప్పనిసరయ్యేది ఇక్కడే. బీపీ చూపించి, అదే రోజు ఎమ్మారైతో పాటు వీనోగ్రామ్ (మెదడు సిరలను చూపే స్కాను) తీయగల ఆసుపత్రికి తీసుకెళ్లాలి.