చమురు బావి నుంచి చరణం దాకా

మేనకోడలి పెళ్ళి సంగీత్‌లో వినిపించడానికి ఓ పాట రికార్డు చేయించే భాగ్యం నాకు దక్కింది. చెన్నై సాలిగ్రామంలో ఓ ఇంటి పడకగది గోడలకి ఫోమ్ అంటించి దాన్నే స్టూడియో చేశారు. "జలుబు చేసింది బాబూ, గొంతు బాలేదు" అన్నాను. "ఫీల్ ఇవ్వండి సార్, పిచ్ సంగతి నేను చూసుకుంటా" అన్నాడు ఇంజనీర్ కుర్రాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నా గొంతుకి ఇంత మర్యాద దక్కలేదు.

ఈ మర్యాదకు మూలపురుషుడు ఆండీ హిల్డెబ్రాండ్. భూమిలోకి తరంగాలు పంపి, తిరిగొచ్చినవాటిని లెక్కగట్టి చమురు జాడ పట్టే విద్య ఆయనది. ఆ లెక్కల్నే గొంతుల మీదికి మళ్ళించి 1997లో, శ్రుతి తప్పిన గొంతుని సరిచేసే ఆటోట్యూన్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. కాబట్టి పెట్రోలియం శాఖ వారికి సంగీత సభల్లో ముందు వరస కుర్చీ వేయాలని నా విన్నపం. మరుసటి ఏడాది అమెరికన్ గాయని షెర్ 'బిలీవ్' పాటలో సవరణకి పట్టే సమయాన్ని సున్నా చేసేశారు. గొంతు జారడం మానేసి, మెట్లు ఎక్కినట్టు స్వరం నుంచి స్వరానికి గెంతింది. ఎలా చేశారని అడిగితే నిర్మాతలు మొదట వేరే యంత్రం పేరు చెప్పారు. ఆవకాయ కొలతలడిగితే మా అత్తగారూ అంతే.

ఆ పక్కనే, సినిమా స్టూడియోల పేట కోడంబాక్కంలో ఒకప్పుడు గాయకులూ వాద్యబృందమూ కలిసి ఒకే టేకులో రికార్డు చేసేవారు. ఒక్క వయొలిన్ తప్పు పలికితే అందరూ మళ్ళీ పల్లవి నుంచి! ఎంత అనాగరికం.

నా గొంతు తెర మీద గీతగా కనిపించింది. నేను చెమటోడ్చి స్వరాన్ని ఊపి గమకం వేసినచోట గీత వంకర్లు తిరిగింది. కుర్రాడు మౌస్ రెండుసార్లు నొక్కాడు. ఇస్త్రీ చేసిన పంచెలా సాపయింది.

"అది గమకం నాయనా!"

"సాఫ్ట్‌వేర్ తప్పనుకుంది సార్."

డిసెంబర్‌లో మైలాపూర్ కర్ణాటక సంగీత సభల్లో ఆ తప్పు కోసమే టికెట్ కొనుక్కుని కూర్చుంటారు పాపం, అప్‌డేట్ కాని జనం.

తర్వాత నా ఊపిరి చప్పుళ్ళన్నీ కోసేశాడు. అంతా అయ్యాక విని, తల గోక్కుని, "మరీ మెషిన్‌లా ఉంది సార్" అంటూ 'హ్యూమనైజ్' అనే మీట తిప్పాడు. చరణానికి ముందు ఓ నిట్టూర్పు కూడా అతికించాడు.

"ఇదెవరి ఊపిరి?"

"లైబ్రరీలోది సార్. క్వాలిటీ బాగుంటుంది."

బిల్లు చూశాను. ఊపిరికి రెండుసార్లు వేశాడు. తీసినందుకొకటి, పెట్టినందుకొకటి.